‘గ్రిజ్లీ మ్యాన్’ చూశాక మీకేమనిపించింది? ట్రెడ్‌వెల్ జంతుప్రేమికుడా, పిచ్చివాడా?

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు ఊరు. ఎలుగుబంట్ల గురించి మాట్లాడడానికి ఆ ఒక్క అర్హత చాలు.

తిమోతి ట్రెడ్‌వెల్ పదమూడు వేసవులు అమెరికాలో, అలాస్కాలోని కాట్‌మై నేషనల్ పార్కులో ఎలుగుల మధ్య గుడారం వేసుకుని గడిపాడు. 2003 అక్టోబరులో అతనూ అతని స్నేహితురాలూ ఒక ఎలుగుకు బలైపోయారు. అతను తీసుకున్న వీడియోలతోనే జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ 2005లో ఈ డాక్యుమెంటరీ సినిమా తీశాడు. చూసినవాళ్ళు కొందరు ‘ఎంత ప్రేమో’ అని కళ్ళు తుడుచుకుంటారు, కొందరు ‘చావు కొనితెచ్చుకున్నాడు’ అని చేతులు దులుపుకుంటారు. మా ఇంట్లోనే రెండు పక్షాలూ ఉన్నాయి. మా అబ్బాయిది మొదటిది, మా ఆవిడది రెండోది. నాకు రెండూ నచ్చలేదు.

ట్రెడ్‌వెల్ ఆ ఎలుగులకు ముద్దుపేర్లు పెట్టి పిలుస్తుంటే నాకు చిన్నతనం గుర్తొచ్చింది. దడుపు జ్వరం పోతుందని ఎలుగును ఆడించేవాడు వచ్చినప్పుడు నన్ను దాని మీద ఎక్కించారు. పావలాకో అర్ధరూపాయికో ఒక వెంట్రుక పీకి తాయెత్తు కూడా కట్టారు. ముక్కుకు తాడు, నోటికి చిక్కం. మనిషిని మీద కూర్చోనిచ్చే ఎలుగును నేను చూసింది అదొక్కటే.

అసలు సంగతి మా చిన్నాన్నది. కొండ కింద ఆయనకు ఎకరంన్నర జీడితోట ఉంది. పళ్ళు రాలే రోజుల్లో ఆ వాసనకు ఎలుగులు దిగుతాయని ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే తెల్లవారుజామున తోటకు వెళ్ళేవాడు దగ్గుతూ, డబ్బా మీద కర్రతో కొడుతూ, ఏమీ లేకపోతే ఎవరినో తిడుతూ వెళతాడు. అది వినగానే ఎలుగు తన దారిన తప్పుకుంటుంది. దాని చూపు అంతంతమాత్రం. ఉన్నట్టుండి మనిషి ఎదురైతే పారిపోవడం కన్నా ముందు మీద పడుతుంది, అదీ ముఖం మీదే.

ఒక ఏడాది మే నెలలో జీడిపిక్కలు దొంగతనంగా పోతున్నాయి. దొంగను పట్టుకోవాలని చిన్నాన్న డబ్బా ఇంట్లో వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా తోటలోకి వెళ్ళాడు. పొద దగ్గర ఎవరో వంగి ఏరుకుంటున్నట్టు కనిపించింది. దగ్గరికెళ్ళి ‘దొరికావురా’ అన్నాడు. లేచి నిలబడింది తల్లి ఎలుగు. పక్కన పిల్ల.

పక్క తోటవాళ్ళు డబ్బాలు మోగిస్తూ పరుగెత్తుకొచ్చేసరికి నెత్తి మీద చర్మం లేచిపోయింది, ఎడమ కన్ను పోయింది. ఇక్కడ కట్టు కట్టి బరంపురం పంపించారు. వార్డులో ఆయనకు తోడుగా నేను పద్దెనిమిది రోజులున్నాను. చూడడానికి వచ్చినవాళ్ళలో సగం మంది అడిగింది ఒకటే, ‘వీడియో ఏమైనా ఉందా?’ అని. ఒకడైతే కట్టు కొంచెం తీయించమన్నాడు, ఫోటో కోసం.

పరిహారం కథ ఇంకోటి. పిల్లల చదువు కోసం చిన్నాన్న పాతపట్నం వెళ్ళి స్థిరపడ్డాడు కాబట్టి తోట ఒడిశాలో, ఆధార్ ఆంధ్రలో. ఇటువైపు కార్యాలయంలో ‘మీరు మా రాష్ట్రం కాదు’ అన్నారు, అటువైపు ‘ఎలుగు మా రాష్ట్రంది కాదు’ అన్నారు. ఒడియాలో నింపిన దరఖాస్తు, ఆసుపత్రి చీటీ, నోటరీ ముద్రలు, మూడేళ్ళు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత ఎలుగుకు తెలియకపోవడం మా చిన్నాన్న తప్పే అయినట్టు మాట్లాడారు.

సినిమాకు వస్తాను. ట్రెడ్‌వెల్ చివరి నిమిషాల్లో అతని కెమెరా మూత తీయకుండానే నడిచింది, బొమ్మ లేదు, శబ్దం మాత్రం పడింది. హెర్జోగ్ దాన్ని చెవులకు తగిలించుకుని విని, ఆ టేపు దాచుకున్న ట్రెడ్‌వెల్ పాత స్నేహితురాలు జ్యువెల్ పలోవాక్‌తో ఎప్పటికీ వినవద్దని చెబుతాడు. మనకు వినిపించడు. సినిమా గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం నన్ను మొదట అడిగేది ఆ టేపు ఎక్కడ దొరుకుతుందనే. బరంపురం వార్డులో ఫోను పట్టుకున్నవాడికీ వీళ్ళకూ నాకు తేడా కనిపించలేదు. ప్రేమ, పిచ్చి అని తీర్పులు చెప్పడం తర్వాత సంగతి.

సినిమా మొత్తంలో నా మనసుకు పట్టింది అలాస్కాలోని కోడియాక్ మ్యూజియంలో అప్పట్లో పనిచేసిన అల్యూటిక్ అనే అక్కడి ఆదివాసీ తెగ మనిషి మాట. తమ వాళ్ళు ఏడు వేల ఏళ్ళుగా పాటించిన హద్దును ట్రెడ్‌వెల్ దాటాడంటాడు. మా ఊళ్ళో ఆ హద్దు పేరు డబ్బా.

పోయిన సంక్రాంతికి చిన్నాన్నకు కూడా ఫోనులో సినిమా చూపించాను. వద్దంటాడేమో అనుకున్నాను గాని ఒంటి కంటితో మొత్తం చూశాడు. ముందు ట్రెడ్‌వెల్‌తో పాటు చనిపోయిన ఆ అమ్మాయి గురించి అడిగాడు, ‘ఈమెకూ ఎలుగులంటే ఇష్టమేనా?’ అని. భయపడేదట, సినిమాలోనే చెప్పారు అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

‘ఆ ఎలుగును ఏం చేశారు?’

‘కాల్చేశారు చిన్నాన్నా.’

‘మనది బాగానే ఉందిరా. మొన్న పనసచెట్టు కింద కనిపించింది, పిల్ల కూడా పెద్దదైంది.’