ట్రామ్ ఆగి ఉన్న ఆ కాసేపు

హోలోకాస్ట్ రోజుల్లో, అంటే హిట్లర్ నాజీలు యూదుల్ని లక్షల్లో చంపిన రోజుల్లో, యూదుల పిల్లలు వాళ్లకి దొరక్కుండా ఎలా దాక్కున్నారని అడిగారు. నన్నడిగితే దాక్కోవడం తరవాతి సంగతి. ముందు ఒక తల్లి తన బిడ్డని పరాయివాళ్ల చేతుల్లో పెట్టాలి. అసలు కష్టం అక్కడుంది.

మేం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నప్పుడు పది నెలల పాపని క్రెష్‌లో వదిలి, 14 నంబరు ట్రామ్‌లో ఆఫీసుకి వెళ్లేదాన్ని. రోజూ ఏడుపే, దానికీ నాకూ. ఆ దారిలోనే హోలాండ్సె స్కౌబుర్గ్ అనే పాత నాటకశాల ఉంది. 1942 వేసవి నుంచి యూదుల్ని పట్టుకొచ్చి అందులో కుక్కి, అక్కణ్నుంచి మరణ శిబిరాల దారి పట్టే రైళ్లెక్కించేవాళ్లు. చిన్నపిల్లల్ని మాత్రం రోడ్డుకి అవతలి క్రెష్‌లో ఉంచేవాళ్లు.

ఆ క్రెష్ నడిపిన హెన్రియెట్ పిమెంటెల్, నాటకశాలలో జాబితాలు చూసే వాల్టర్ సుస్కిండ్, పక్కనున్న టీచర్ ట్రైనింగ్ కాలేజీ పెద్ద యోహాన్ వాన్ హుల్స్ట్ కలిసి దాదాపు 600 మంది పిల్లల్ని దాటించారు. జాబితాలోంచి పేరు మాయం చేసి, పెరటి కంచె మీదుగా కాలేజీలోకి అందించేవాళ్లు. కొందర్నయితే వీధి గుమ్మంలోంచే! ట్రామ్ వచ్చి ఆగితే ఎదురుగా ఉన్న కాపలావాళ్లకి క్రెష్ కనపడదు. ఆ కాసేపట్లో పిల్లని ఎత్తుకుని బయటపడాలి.

కాకినాడ నుంచి అమ్మ వచ్చినప్పుడు అక్కడ నిలబడి ఇదంతా చెప్పాను. "మరి తల్లి ఉత్త చేతుల్తో రైలెక్కితే కనిపెట్టరుటే?" అంది. దుప్పట్లో బొమ్మని చుట్టి ఇచ్చేవాళ్లని చెప్పాను. అమ్మ నా చంకలోంచి పాపని తీసుకుంది. ఇల్లు చేరేదాకా కిందికి దింపలేదు.

ఇవ్వనన్న తల్లులూ ఉన్నారు. వాళ్లని తప్పుపట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రైలు ఎక్కడికి పోతుందో వాళ్లకెవరు చెప్పారు? ఏమైనా అందరం కలిసుంటే చాలనుకున్నారు. ఇంకో మాట. మనవాళ్లు కాస్త గట్టిగా ఉండే ప్రతి నాన్ననీ, ప్రతి మాస్టార్నీ హిట్లర్ అంటారు. దయచేసి మానండి. ఆ వీధిలో ఒక్కసారి నిలబడ్డాక ఆ మాట నోటికి రాదు.

మీరు అడిగిన దాక్కోవడం ఆ తరవాతే. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్, లింబుర్గ్ పల్లెల్లో, రైతుల ఇళ్లలో, కొత్త పేరుతో. కొందర్ని, జర్మన్లు రాటర్‌డామ్ నగరం మీద వేసిన బాంబుల్లో ఇల్లు పోయిన పిల్లలని చెప్పి పెంచారు.

పిమెంటెల్‌ని 1943లోనే ఆష్విట్జ్ మరణ శిబిరంలో చంపేశారు. ఆ సెప్టెంబరులో క్రెష్ ఖాళీ చేయిస్తుంటే వాన్ హుల్స్ట్ మిగిలినవాళ్లలో పన్నెండు మందినే తీసుకోగలిగాడు. పదమూడో పిల్లని ఎందుకు తీసుకోలేదని తనని తాను అడుక్కున్నానని ఆయనే చెప్పాడు. ఆయన 107 ఏళ్లు బతికాడు.

క్రెష్ భవనం ఇప్పుడు లేదు. కాలేజీ భవనంలో 2024 నుంచి హోలోకాస్ట్ మ్యూజియం నడుస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్ వస్తే, దాక్కుని డైరీ రాసిన యూదుల అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ఇల్లొక్కటే చూసి వెళ్లిపోకండి. ఇక్కడా దిగండి, ట్రామ్ ఇప్పటికీ ఆ వీధిలోంచే పోతుంది.