ఇల్లు వాళ్లది, నేల ట్రస్టుది

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తాడిపత్రి బండల ఫ్యాక్టరీలలో పనిచేసే కుటుంబాలకు అద్దెల బెడద లేని ఇళ్లు కట్టించడానికి నువ్వూ నీ స్నేహితులూ ఒక ట్రస్టు పెట్టాలనుకోవడం, ఊళ్లో ఒక పెద్దాయన రెండెకరాలు ఇస్తాననడం చదివి సంతోషించాను. అయితే నువ్వు అడిగినవన్నీ ఇటుకల గురించి, స్లాబు గురించి, చదరానికి ఎంత ఖర్చవుతుందనే లెక్క గురించి. ఇళ్ల పనుల్లోనే ముప్పయ్యేళ్లు గడిపినవాణ్ని కనుక వాటికీ జవాబు చెప్పగలను గాని, నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. పదిహేనేళ్ల తర్వాత ఆ ఇళ్లలో ఎవరుంటారు?

నేను దగ్గరుండి కట్టించిన కాలనీ ఒకటి ఉండేది. పేదలకు సర్కారు డి-పట్టాలు, అంటే అసైన్‌మెంటు పట్టాలు ఇచ్చిన స్థలం. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అప్పట్లో అమ్మడానికి వీల్లేనిది. గృహప్రవేశాల నాడు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. పన్నెండేళ్ల తర్వాత ఒక పెళ్లికి ఆ ఊరు వెళ్లినప్పుడు చూస్తే, సగానికి పైగా ఇళ్లు చేతులు మారాయి. బిడ్డ పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో డబ్బు అవసరమైనప్పుడు స్టాంపు కాగితం మీద రాసిచ్చి, వచ్చినకాడికి తీసుకొని వెళ్లిపోయారు. తన ఇంటి గోడలకు పదిహేను రోజులు బిందెలతో నీళ్లు కొట్టిన ఒకామె అదే వీధిలో అద్దెకుంటోంది. నేను ఆమెను తప్పుపట్టలేదు. అమ్మకూడదని చట్టం చెప్పింది గాని, అవసరం ముంచుకొచ్చినప్పుడు న్యాయమైన ధర ఇచ్చి ఆ ఇంటిని తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. నిషేధం ఒక్కటే ఉంటే అమ్మకం ఆగదు, దొంగచాటుగా సాగుతుంది. దొంగచాటు అమ్మకంలో నష్టపోయేది ఎప్పుడూ పేదవాడే. కాబట్టి మీ ట్రస్టు అమ్మవద్దని రాయడంతో ఊరుకోక, తానే కొనడానికి సిద్ధంగా ఉండాలి.

ఇందుకు తగిన పద్ధతి ఒకటి ఇప్పటికే ఉంది. నేల ట్రస్టు పేరునే ఉంటుంది, దాన్ని ఎన్నడూ అమ్మరు. ఇల్లు కుటుంబానిది, కింద నేల తొంభైతొమ్మిదేళ్ల కౌలుకు వాళ్ల స్వాధీనంలో ఉంటుంది. ఈ ఆలోచనకు మూలం మన దేశంలోనే ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో వినోబా భూదానం మొదలై, తర్వాత గ్రామదానంగా, అంటే భూమి ఊరందరి పేరున ఉండే ఏర్పాటుగా మారింది. దాన్ని తెలుసుకున్నవాళ్లు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 1969లో నల్లజాతి రైతుల కోసం 'న్యూ కమ్యూనిటీస్' అనే సంస్థను స్థాపించి, సుమారు 5,700 ఎకరాలు సంపాదించారు. విన్సెంట్ ఫెర్రర్ మన అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనే సేవాసంస్థను మొదలుపెట్టింది కూడా అదే 1969లో కావడం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది. ఆ జార్జియా భూమి ఏమైందో నువ్వు తెలుసుకోవాలి. కరువులు వచ్చాయి, అప్పులు పెరిగాయి, ప్రభుత్వ రుణం అందడంలో వివక్ష ఎదురైంది. చివరికి 1985లో భూమి మొత్తం అప్పుల కింద పోయింది. అందుకే నేలను ఏ కారణంతోనూ తాకట్టు పెట్టరాదని ట్రస్టు డీడులోనే రాయించు. బ్యాంకు అప్పు కావాలంటే ఇంటి మీద, కౌలు హక్కు మీద మాత్రమే అడగాలి. బ్యాంకులు సులువుగా ఒప్పుకోవు, అది ముందే తెలిసి ఉండు.

ఇల్లు వదిలి వెళ్లేవాళ్లకు ఎంత ఇవ్వాలన్నది మొదటి ఇటుక పెట్టకముందే తేల్చవలసిన సంగతి. అమెరికాలోని బర్లింగ్టన్‌లో 1984లో మొదలైన ట్రస్టు, పెరిగిన విలువలో నాలుగో వంతు ఇంటివాళ్లకు ఇచ్చి మిగతాది ఇంటి విలువలోనే వదిలేస్తుంది. దాంతో తర్వాత వచ్చే కుటుంబానికి తక్కువ ధరకు దొరుకుతుంది. ఒక కుటుంబం 3 లక్షలు పెట్టిందనుకో. పదేళ్లకు ఇంటి విలువ 4 లక్షలు పెరిగితే, వాళ్లకు పెట్టిన 3 లక్షలు, పెరుగుదలలో 1 లక్ష కలిపి 4 లక్షలు వస్తాయి. సొంతంగా వేసుకున్న గది ఖర్చును వేరుగా లెక్కగట్టండి. ఈ డబ్బు అడిగిన నెలలోనే చేతిలో పెట్టగలిగేలా బ్యాంకులో విడిగా ఒక నిధి ఉండాలి. ఏడాదిలో రెండు ఇళ్లు తిరిగి వచ్చినా తట్టుకోగలగాలి. ప్రతి కుటుంబం నుంచి నెలనెలా చిన్నపాటి నేల అద్దె వసూలు చేసి ఆ నిధికే జమ చేయండి. వంద రూపాయలైనా సరే, తప్పకుండా వసూలు చేయండి. పైసా కట్టనివాడు మీటింగుకు రాడని పొదుపు సంఘాల ఆడవాళ్లు నాకు నేర్పారు.

ఇక ఆ రెండెకరాల సంగతి. పెద్దాయన మాట మంచిదే గాని, ముందు ఆ భూమి స్వార్జితమా పిత్రార్జితమా అని అడుగు. పిత్రార్జితమైతే ఆయన ఒక్కడే దానం ఇవ్వలేడు. కొడుకులతోపాటు కూతుళ్ల సంతకాలూ కావాలి. మన రాష్ట్రంలో 1986 చట్ట సవరణతోనే ఆడబిడ్డలకు అందులో భాగం వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆడబిడ్డలు ఏమంటారులే అని వదిలేసి తర్వాత కోర్టుకెక్కినవాళ్లను నేను చూశాను. దానపత్రాన్ని ఇద్దరు సాక్షులతో రిజిస్టర్ చేయించాలి. ఈసీ (పాత రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపేది), 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపేది), అడంగల్ (సాగు వివరాలు చూపేది) మూడూ తీసి, రిజిస్ట్రేషనుకు వీల్లేని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేదని చూసుకో. తొంభైతొమ్మిదేళ్ల కౌలు పత్రాలను కూడా రిజిస్టర్ చేయించక తప్పదు కనుక, స్టాంపు సుంకం ఎంత పడుతుందో ముందే కనుక్కో. సర్కారు ఇంటి పథకాల సాయం కోరితే, లబ్ధిదారు పేరున స్థలం ఏదని అడగవచ్చు. కౌలు పత్రం సరిపోతుందో లేదో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే ఆ డబ్బును లెక్కలో వేసుకో. కౌలు, ఇల్లు రెండూ ఆడవాళ్ల పేరున రాయండి. ఆర్‌డీటీ ఇళ్లు కూడా ఆడవాళ్ల పేరునే ఇస్తారు. అమ్మకాల మాట వచ్చినప్పుడు ఆ పద్ధతి ఎంత అక్కరకొస్తుందో నేను కళ్లారా చూశాను.

రెండెకరాలంటే 200 సెంట్లు. దారులు, ఖాళీ స్థలం పోగా 120 సెంట్లు మిగిలితే గొప్ప; ఇంటికి మూడు సెంట్ల చొప్పున నలభై ఇళ్లు. అంతకు మించి ఇరికించకు. వర్షాకాలంలో ఒకసారి వెళ్లి నీళ్లు ఎటు పారుతున్నాయో నీ కళ్లతో చూడు. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమి వంక పొంగి కాలనీలు మునిగినప్పుడు, వాగూ వంకా తమ దారిని మరిచిపోవని అందరికీ తెలిసివచ్చింది. అక్కడ నల్లరేగడి ఉంటే పునాది గట్టి గరుసు తగిలేదాకా దిగాలి, లేకపోతే రెండు వేసవుల్లో గోడలు బీటలు వారతాయి. బేల్దారి మేస్త్రీ ఎంత ధైర్యం చెప్పినా ఇందులో మాత్రం తగ్గకు. గచ్చుకు ఫ్యాక్టరీలలో మిగిలే ముక్క బండలు చాలు. కట్టడం గురించి ఇంతే, మిగతాది కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే స్నేహాలు చెడతాయి. ట్రస్టీల బంధువులకు మొదటి నలభై ఇళ్లలో చోటు లేదని తీర్మానం రాసి, అందరూ సంతకం పెట్టండి. పాలకవర్గంలో మూడో వంతు ఆ ఇళ్లలో ఉండేవాళ్లు, మూడో వంతు ఊరివాళ్లు, మిగతా మూడో వంతు ఆడిటరు, ఇంజనీరు వంటి పని తెలిసినవాళ్లు ఉండటం ఈ తరహా ట్రస్టులలో ఉన్న ఆనవాయితీ. ఏదైనా పార్టీ నాయకుడు జాబితా పంపితే కాదనకుండా తీసుకొని, మిగతా దరఖాస్తులలో కలిపి వరుసలో పెట్టు. ఎదురు చెప్పి లాభం లేదు, వరుస తప్పడమూ కూడదు.

ట్రస్టు డీడు ముసాయిదా తయారైతే నాకు పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను. అంతకంటే ముందు పెద్దాయన కూతుళ్ల దగ్గరికి నువ్వే స్వయంగా వెళ్లు, ఫోనులో అడగకు. వాళ్లు సరేనన్నాకే లేఅవుటు గీయించు.

ఇట్లు,
మీ మామయ్య