బ్యాటరీ స్ప్రేయర్ రెగ్యులేటర్ పోయింది. దాని బదులు పాట్ (నాబ్ తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) పెడితే కాలిపోయింది, ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టొచ్చా?

ఫ్యాన్ రెగ్యులేటర్ వద్దండీ. అది ఇంటి ఏసీ కరెంటు కోసం చేసింది. లోపలి ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌ను ఆన్ చేసే డయాక్ అనే భాగానికి దాదాపు 30 వోల్టులు కావాలి. మీ 12 వోల్టుల బ్యాటరీతో అది అసలు మేల్కోదు.

మా బావమరిది పంపుకీ ఇదే జరిగింది. రిపేరు చేసినాయన రెగ్యులేటర్ తీసేసి వైర్లు డైరెక్ట్‌గా కలిపేశాడు. పత్తికి పురుగుమందు కొట్టడానికి అలా సరిపోయింది కానీ, కలుపుమందు దగ్గర ఇబ్బంది వచ్చింది. ప్రెజర్ ఎక్కువైతే తుంపర సన్నబడి, గాలికి పక్క చేలో పడుతుంది. ఆ గొడవ ఎవరికి కావాలి? అందుకే కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ మోటారు స్పీడ్ తగ్గించే పీడబ్ల్యూఎం బోర్డు తెచ్చి నేనే బిగించాను.

మీ పాట్ ఎందుకు కాలిందంటే, రేడియో వాల్యూమ్‌కి వాడే రకం పాట్ అర వాట్ కూడా తట్టుకోదు. లెక్క కోసం మీ మోటారు నడుస్తున్నప్పుడు 2 ఆంపులు లాగుతుందనుకుందాం. దాన్ని 7 వోల్టులకు తగ్గించాలంటే వరుసలో రెండున్నర ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. అందులో 5 వోల్టులు పోతాయి, అంటే 10 వాట్లు వట్టి వేడి. బ్యాటరీ ఇచ్చే 24 వాట్లలో మోటారుకు చేరేది 14 మాత్రమే.

పెద్ద వాటేజీ రెసిస్టర్ పెడితే వేడి సంగతి తీరుతుంది కానీ స్పీడ్ మాత్రం నిలకడగా ఉండదు. పంపు మీద బరువు పెరిగి మోటారు 3 ఆంపులు అడిగిందనుకోండి, అప్పుడు రెసిస్టర్‌లో ఏడున్నర వోల్టులు పోయి మోటారుకు నాలుగున్నరే మిగులుతాయి. బలం కావలసిన సమయంలోనే వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతూ ఆగిపోతుంది. స్టార్టింగ్‌లోనూ ఇంతే. ఆగి ఉన్న మోటారు తిరిగే మోటారు కన్నా ఎన్నో రెట్లు కరెంటు కోరుతుంది, రెసిస్టర్ దాన్ని రానివ్వదు.

పీడబ్ల్యూఎం బోర్డులో మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ సెకనుకు వందల నుంచి వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఆన్‌లో ఉన్నంతసేపూ మోటారుకు పూర్తి 12 వోల్టులు అందుతాయి. ఆన్ సమయం ఎంత తగ్గిస్తే సగటు వోల్టేజీ అంత తగ్గుతుంది. మధ్యలో వేడిగా పోయేది చాలా తక్కువ కాబట్టి చార్జింగ్ కూడా ఎక్కువసేపు వస్తుంది. నాబ్ తగ్గించినప్పుడు మోటారు కీచుమంటే కంగారు పడకండి. ఆ ఆన్-ఆఫ్ వేగం చెవికి వినపడే పరిధిలో ఉంటే అలాగే వినిపిస్తుంది.

కొనేటప్పుడు 3 ఆంపుల మోటారే కదా అని 3 ఆంపుల బోర్డు తీసుకోకండి, స్టార్టింగ్ కరెంటుకే పోతుంది. 10 ఆంపులది తీసుకోండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, లేదా ఆన్‌లైన్‌లో డీసీ మోటార్ స్పీడ్ కంట్రోలర్ అని వెతకండి. మోటారు టెర్మినళ్లకు అడ్డంగా డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) ఉన్న బోర్డే కావాలి. మాస్‌ఫెట్ ఆఫ్ అయినప్పుడు మోటారు చుట్టలోని కరెంటు ఒక్కసారిగా ఆగదు, ఆ డయోడ్ గుండా తిరుగుతుంది. డయోడ్ లేకపోతే మాస్‌ఫెట్ ఎక్కువ కాలం బతకదు.

వైరింగ్‌లో చాలామంది తడబడేది ఒకచోటే. ఈ బోర్డుల్లో చాలావాటికి మోటారు మైనస్, బ్యాటరీ మైనస్ వేరు. రెండూ మైనస్సే కదా అని కలిపేస్తే మాస్‌ఫెట్‌ను తప్పించినట్టే, నాబ్ ఎటు తిప్పినా ఫుల్ స్పీడే. స్ప్రేయర్‌లో మీటరు, చార్జింగ్ పిన్ను వైర్లన్నీ ఒక కట్టగా వస్తాయి, అందుకని పాత వైరు ఎక్కడికి పోతోందో చూసుకుని కలపండి. బ్యాటరీ ప్లస్, మైనస్ తారుమారైతే బోర్డు వెంటనే పోవచ్చు. ప్రెజర్ స్విచ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పించొద్దు. ట్రిగ్గర్ మూసినప్పుడు పంపును ఆపేది అదే, లేకుంటే పైపు ఊడి మందు మీద పడుతుంది.

వాడేటప్పుడు ముందు నాబ్ సగం పైన పెట్టి స్టార్ట్ చేసి, తిరిగాక తగ్గించండి. మరీ కిందికి తెచ్చి మోటారు తిరగకుండా గుంయ్‌మంటుంటే వెంటనే పెంచండి, లేదా ఆపేయండి. తిరగని మోటారులో కరెంటంతా చుట్టను వేడి చేయడానికే పోతుంది. బోర్డు మీద మందు నీళ్లు పడకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నాబ్ మాత్రం పాత రంధ్రంలోంచి బయటికి తీయండి.