వీలునామాలో చెప్పీ చెప్పని మాట

ప్రశ్న: మా పెదనాన్న వీలునామాలో కొర్లగుంట ఇంటిని స్నేహితుడికి రాసి, 'విడిగా రాసిన చీటీ ప్రకారం వినియోగించాలి' అని మాత్రమే పెట్టారు. ఇల్లు మా మేనత్తకు చెందాలన్న చీటీ ఆయన డైరీలో దొరికింది. స్నేహితుడేమో ఇల్లు తనదేనంటున్నారు. – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆయన వాదనకు ఆ ఒక్క వాక్యమే అడ్డు. బాధ్యత ఉందని వీలునామాలో చెప్పి, ఎవరి కోసమో చెప్పకపోవడాన్ని ఇంగ్లండు న్యాయశాస్త్రం అర్ధరహస్య ట్రస్టు (ఆస్తి ఒకరి పేర ఉన్నా మరొకరి మేలు కోసం ఉంచే ఏర్పాటే ట్రస్టు) అంటుంది. ఎవరి కోసమో ఆస్తి పొందేవారికి ముందే చెప్పి ఒప్పించి ఉంటే అది చెల్లుతుందని 1929లో బ్లాక్‌వెల్ కేసులో అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) తీర్పునిచ్చింది. వీలునామాలో ఏ షరతూ రాయకుండా నోటిమాటతో అప్పగిస్తే అది పూర్తి రహస్యం, రుజువు చేయడం మరీ కష్టం.

మీకు అంతదూరం వెళ్లే పని లేకపోవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, వీలునామా ప్రస్తావించిన కాగితం అప్పటికే రాసి ఉంటే అది వీలునామాలో భాగమే అవుతుంది. కాబట్టి చీటీ మీది తేదీయే కీలకం. అది తర్వాతిదైతే ఈ దారి మూసుకుపోతుంది. అయినా ట్రస్టు నిలవనంత మాత్రాన ఇల్లు స్నేహితుడి సొంతం కాదు, సాధారణంగా మిగతా ఆస్తి పొందేవారికో వారసులకో చేరుతుంది. చీటీని లామినేషన్ చేయించకండి, డైరీ నుంచి విడదీయకుండా న్యాయవాదికి చూపించండి.