స్నేహితురాలి నవల నచ్చలేదు, రివ్యూ రాయమంటోంది

ప్రశ్న: ఏడేళ్లుగా క్రైమ్, హారర్, ఫాంటసీ నవలల మీద బ్లాగు రాస్తున్నాను. ఐదేళ్ల క్రితం ఒక రచయిత్రి తొలి క్రైమ్ నవల తెగ నచ్చి రివ్యూ రాశాను. ఆమె థాంక్స్ చెబుతూ మెసేజ్ పెట్టింది. అలా మొదలైన పరిచయం ప్రాణస్నేహం అయింది. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న నెల రోజులూ తను ప్రతి రాత్రీ ఫోన్ చేసి మాట్లాడేది. తన రెండో నవల నాకు అంతగా నచ్చలేదు. అయినా ఐదు స్టార్లు ఇచ్చి పొగుడుతూ రాశాను. ఇప్పుడు మూడో నవల అడ్వాన్స్ కాపీ పంపింది. హంతకుడెవరో సగంలోనే తెలిసిపోయింది, చివరి వంద పేజీలూ బలవంతంగా చదివాను. విడుదల రోజే రివ్యూ రావాలని అడుగుతోంది. రెండు వారాలుగా తన ఫోన్ ఎత్తడం లేదు, పనిలో ఉన్నానని మెసేజ్ పెట్టి తప్పించుకుంటున్నాను. మా ఆయన ‘నాలుగు మంచి మాటలు రాసెయ్, నీ సొమ్మేం పోయింది’ అంటున్నారు. తోటి బ్లాగర్ ఒకామె ‘నువ్వెలాగూ ఆవిడ మనిషివేగా’ అని మొహం మీదే అంది. నిద్ర పట్టడం లేదు. రాస్తే అబద్ధం, రాయకపోతే స్నేహం పోతుంది. ఏం చేయను?

జవాబు: ముందు ఆ ఫోన్ ఎత్తండి. రివ్యూ సంగతి తర్వాత చూద్దాం.

పుస్తకం బయటికి రాబోయే ముందు రోజులు రచయితకి చాలా కష్టమైనవి. రాయడం అయిపోయింది, పెద్దగా మార్చడానికీ వీల్లేదు, చదివినవాళ్లు ఏమంటారో తెలియదు. అలాంటప్పుడు, తన రాతని మొదట గుర్తించిన మనిషే రెండు వారాలుగా మాట్లాడకపోతే ఆమె ఏమనుకుంటుంది? నచ్చలేదని ఇప్పటికే అర్థమై ఉండొచ్చు. లేదా తనేం తప్పు చేసిందో అని మీ పాత మెసేజ్‌లన్నీ మళ్లీ మళ్లీ చదువుకుంటూ ఉండొచ్చు. మీరు నోటితో చెప్పబోయే ఏ మాటకన్నా ఈ మౌనమే ఆమెని ఎక్కువ బాధపెడుతుందని నా నమ్మకం.

ఇక అసలు విషయం. మీ టెన్షన్ అంతా మూడో నవల గురించే. కానీ ముడి పడింది రెండో నవల దగ్గర. ఈ మాట మీకు నొప్పి కలిగిస్తుందని తెలుసు, అయినా చెప్పకపోతే నా సలహాకి విలువ లేదు. ఆ రోజు మీరు ఐదు స్టార్లు ఇచ్చింది ప్రేమతోనే, కాదనను. అమ్మ కోసం రాత్రిళ్లు మీతో మేల్కొన్న మనిషికి తిరిగి ఏదైనా ఇవ్వాలనిపించి ఉంటుంది. కానీ ఆమె వైపు నుంచి చూడండి. తనకి తెలిసినవాళ్లలో క్రైమ్ నవలలు అందరికన్నా ఎక్కువ చదివింది మీరే. ఆ మీరే అద్భుతం అన్నారు. ఆమె నమ్మింది. నమ్మి, మూడో నవల కూడా అదే దారిలో రాసింది. ఇప్పుడు రివ్యూ కోసం ఇంత ధీమాగా అడగడంలో స్వార్థం కంటే మీ మాట మీది నమ్మకమే నాకు ఎక్కువ కనిపిస్తోంది.

చాలా ఏళ్ల క్రితం నేనూ ఈ తప్పు చేశాను. ఒక స్నేహితురాలు తన కథలు చేతిరాతలో తెచ్చిచ్చి అభిప్రాయం అడిగింది. సగమే నచ్చాయి, అన్నీ బాగున్నాయన్నాను. ఆమె వాటిని సొంత ఖర్చుతో పుస్తకంగా వేసుకుంది. తర్వాత ఒకరోజు ‘నీకు ముందే తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. మీకు ఇంకా ఆ పరిస్థితి రాలేదు.

స్నేహం చేయడమే తప్పేమో అన్న అనుమానం కూడా మీ ఉత్తరంలో కనిపించింది. ఆ తోటి బ్లాగర్ మాట మీకు గట్టిగానే తగిలింది. స్నేహం తప్పు కాదు. డిటెక్టివ్, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలల లోకం మొదటి నుంచీ అలాగే పెరిగింది. పెద్ద విమర్శకులు చాలాకాలం వీటిని పట్టించుకోలేదు. చర్చ నడిపింది ఎక్కువగా అభిమానులే, వాళ్లలోంచే రచయితలూ వచ్చారు. సైన్స్ ఫిక్షన్‌లో పేరున్న హ్యూగో అవార్డుల్లో అభిమానులుగా వ్యాసాలు, సమీక్షలు రాసేవాళ్ల కోసం 1967 నుంచే ఒక విభాగం ఉంది. ఇంగ్లీషు రచయిత్రి డొరొతీ సేయర్స్ డిటెక్టివ్ నవలలు రాస్తూ, 1930లో మొదలైన డిటెక్టివ్ రచయితల సంఘం డిటెక్షన్ క్లబ్బులో సభ్యురాలిగా ఉంటూనే, 1933 నుంచి 1935 వరకు సండే టైమ్స్‌లో క్రైమ్ నవలల మీద సమీక్షలు రాసింది. ఆమె సమీక్షించే రంగంలో ఆమెకి తెలిసినవాళ్లు చాలామందే.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 1937లో టోల్కీన్ రాసిన ఫాంటసీ నవల ‘ది హాబిట్’ వచ్చినప్పుడు టైమ్స్ లిటరరీ సప్లిమెంట్ అనే ఇంగ్లీషు పత్రికలో దాన్ని మెచ్చుకుంటూ సమీక్ష రాసింది ఆయన ఆప్తమిత్రుడు, రచయిత సి. ఎస్. లూయిస్. ఆ పత్రికలో అప్పట్లో సమీక్షల కింద పేరు వేసేవారు కాదు. కాబట్టి ఆ మెప్పు ఒక స్నేహితుడిదని చదివినవాళ్లకి తెలిసే దారి లేదు. లూయిస్‌కి ఆ పుస్తకం నిజంగానే ఇష్టం. అందుకే ఆ పొగడ్తలో అబద్ధం లేదు, దాపరికం మాత్రం ఉంది. మీ రెండో నవల రివ్యూలో రెండూ ఉన్నాయి. ఈ రెండింటినీ విడదీసి చూసుకుంటే మీ మనసు కొంత తేలికపడుతుంది, ఎందుకంటే రెండూ సరిదిద్దుకోగలిగినవే.

మీ ఆయనకి కూడా ఒక సంగతి నెమ్మదిగా చెప్పండి. ఆయన మీ మేలు కోరే అన్నారు, మీరు నిద్రపోతే చాలని ఆయన బాధ. కానీ క్రైమ్ నవల మీద రివ్యూ మిగతా రివ్యూల్లాంటిది కాదు. హంతకుడెవరో చెప్పకూడదు, ట్విస్ట్ చెప్పకూడదు. ముగింపు ఎందుకు తేలిపోయిందో వివరంగా రాస్తే పుస్తకమే చెడిపోతుంది. అంటే మీరు బాగుంది అన్నా, బాగాలేదన్నా పూర్తి కారణాలు చూపించలేరు. చదివేవాళ్లు మీ మాట మీద భరోసాతోనే డబ్బు పెట్టి కొంటారు. ఏడేళ్లుగా మీరు సంపాదించుకున్నది ఆ భరోసానే. పోయేది అదే.

నా సలహా సూటిగా చెబుతాను. ఈ నవలకి రివ్యూ రాయకండి, మంచిగానూ వద్దు, చెడుగానూ వద్దు. ఇకముందు ఈమె పుస్తకాలు వేటికీ స్టార్లు ఇవ్వకండి. నియమాలు కూడా ఇదే చెబుతున్నాయి. ఉచిత కాపీ తీసుకుని రివ్యూ రాయడాన్ని అమెజాన్ తప్పుపట్టదు, బదులుగా రివ్యూ రాయాలని షరతు పెట్టకూడదు, అంతే. కానీ రచయిత కుటుంబసభ్యులు, దగ్గరి స్నేహితులు రివ్యూ రాయడాన్ని మాత్రం ఒప్పుకోదు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అయితే 2009లోనే బ్లాగర్లని కూడా తన మార్గదర్శకాల్లోకి తెచ్చింది. ఉచితంగా అందిన వస్తువైనా, ఇచ్చినవాళ్లతో మరో సంబంధమైనా, పాఠకుడి నమ్మకాన్ని మార్చేదైతే బయటపెట్టాలంది. మీ పాఠకులు మీ నుంచి కోరుకునేదీ అదే.

ఫోన్‌లో ఏం చెప్పాలో కూడా మీకు దారి కనిపించడం లేదు కదా. ‘నీ నవలకి రివ్యూ నేను రాయను. నువ్వు నా స్నేహితురాలివి, నా పాఠకులకి అది న్యాయం కాదు. రెండోదానికి కూడా రాయకుండా ఉండాల్సింది’ అనండి. అక్కడితో ఆగిపోవాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ కారణం గౌరవంగా ఉంటుంది, ఎవరికీ గుచ్చుకోదు. ఆగిపోకండి. ఆగితే మళ్లీ సగం నిజమే చెప్పినట్టవుతుంది, తను ‘అది సరే, నీకు నచ్చిందా?’ అని అడిగిన మరుక్షణం మీరు పాత గోతిలోనే పడతారు. ఇంకో మాట కలపండి: ‘మొదటి సగం ఆపకుండా చదివాను, రెండో సగం నన్ను పట్టి ఉంచలేదు. వివరంగా ఇప్పుడు వింటావా, విడుదలయ్యాక వింటావా?’ మొదటి సగం నిజంగా అలా చదివి ఉంటేనే ఆ మాట అనండి, లేకపోతే మీకు నచ్చిన మరొకటి ఏదైనా నిజమైనది చెప్పండి.

ఇప్పుడే వింటానంటే హంతకుడు మీకు ఏ పేజీలో దొరికిపోయాడో, ఏ మాట వల్ల దొరికాడో అది ఒక్కటే చెప్పండి. లోపాలన్నీ జాబితాగా చదవకండి. అడ్వాన్స్ కాపీలు వెళ్లే వేళకి సాధారణంగా అచ్చుతప్పులు దిద్దుకోవచ్చు గానీ కథ మార్చే వీలు ఉండదు. మార్చలేని తప్పుల చిట్టా చేతిలో పెడితే ఆమె ఏం చేసుకుంటుంది? అది నాలుగో నవలకి దాచండి. ఆ నవలని రాతప్రతి దశలోనే చదువుతానని చెప్పండి, ఎర్ర సిరాతో గీసి ఇస్తానని చెప్పండి. మీలాంటి పాఠకురాలు రాతప్రతి చదివిపెట్టడం ఏ ఐదు స్టార్లకన్నా ఆమెకి ఎక్కువ ఉపయోగం.

విడుదల రోజు మీ బ్లాగులో పుస్తకం వచ్చిందని చెప్పడంలో తప్పేమీ లేదు. రాసినామె నా స్నేహితురాలు, అందుకే రివ్యూ రాయడం లేదు అని మొదటి వాక్యంలోనే చెప్పండి. తనకి పరిచయం లేని మరో ఇద్దరు బ్లాగర్లకి కాపీ పంపమని ఆమెకి చెప్పొచ్చు. వాళ్లతో మీరు ఒక్క మాట కూడా మాట్లాడకండి. రెండో నవల పాత రివ్యూ పైన మీ స్నేహం సంగతి ఒక వాక్యంలో రాసి, స్టార్లు తీసేయండి. తనకి ముందుగా చెప్పి, ఈ పుస్తకం వచ్చిన కొన్నాళ్లకి చేయండి. విడుదల వారంలో అందరిముందూ చేస్తే అది ఆమెని నలుగురిలో నిలబెట్టినట్టవుతుంది. మీ అపరాధభావం తీరడానికి ఆమె పరువు ఖర్చుపెట్టకూడదు.

ఆ తోటి బ్లాగర్‌కి జవాబు చెప్పాల్సిన పని లేదు. ఆమె అన్న తీరు బాగాలేదు, అన్నదాంట్లో నిజం ఉంది. మీరు పెట్టబోయే ఆ ఒక్క వాక్యం ఆమె కూడా చదువుతుంది.

మీ స్నేహితురాలికి కోపం వస్తే? రావచ్చు. మొదటి వారాల అమ్మకాల మీద తర్వాతి పుస్తకం ఆధారపడి ఉంటే భయం కూడా వేస్తుంది, ఆ భయంలో కటువైన మాట అనొచ్చు. ఒక నెల మాట్లాడకపోవచ్చు. ఆ నెల మీకు చాలా బరువుగా గడుస్తుంది, అలా గడవదని అబద్ధం చెప్పలేను. కానీ మీరు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. అమ్మ ఆసుపత్రిలో ఉన్న నెలంతా తను ప్రతి రాత్రీ ఫోన్ చేసింది అన్నారు. రివ్యూ కోసం ఎవరూ నెల రోజులు అలా చేయరు. తను మిమ్మల్ని బ్లాగర్‌గా కాక మనిషిగా చూసిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఈ రాత్రి మీరు ఫోన్ చేయండి, అప్పట్లో తను మీకు చేసే వేళకే. పుస్తకం మాట తీయకముందు, నిద్ర సరిగా పడుతోందా అని అడగండి.