ఊదుడు పరీక్ష బాగుంది, సీటీలో దెబ్బ కనిపించింది.. బాబును ఆటలు మాన్పించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. మేనరికం. మా బాబుకు 14 ఏళ్లు. చిన్నప్పుడే చెమట పరీక్ష చేసి సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నారు. మొన్న ఒంగోలులో ఊదుడు పరీక్ష చేస్తే 84 శాతం వచ్చింది, పర్వాలేదన్నారు. సీటీ స్కాన్‌లో మాత్రం బ్రాంకియెక్టాసిస్ అని రాశారు. కబడ్డీ ఆడితే తొందరగా ఆయాసం వస్తోంది. ఆటలు మాన్పించమని మా అత్తగారు అంటున్నారు. ఏ రిపోర్టు నమ్మాలి? వాడి చెల్లెలికీ ఈ జబ్బు వస్తుందా?

జవాబు: రెండూ నమ్మాలమ్మా. సాగర్ కాలువ మీకు తెలుసు కదా. పెద్ద కాలువలో నీళ్లు నిండుగా పారుతున్నా చివరి పిల్ల కాలువల్లో పూడిక పేరుకుని ఉండొచ్చు. ఈ జబ్బులో తెమడ జిగురులా చిక్కబడి ముందు సన్నటి గాలిగొట్టాలనే మూసేస్తుంది. అక్కడ ఇన్ఫెక్షన్లు తిరగబెట్టి, గొట్టాల గోడలు మందమై, సాగిపోయి వెడల్పవుతాయి. అదే బ్రాంకియెక్టాసిస్. ఊదుడు పరీక్ష మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో మొత్తంగా చెబుతుందే తప్ప ఏ మూల పాడైందో చెప్పదు. బాగున్న భాగాలు పాడైన వాటి లోటు కప్పేస్తాయి. అందుకే సీటీలో దెబ్బ ముందు కనిపించి, ఊదుడు అంకె తర్వాత పడిపోవడం ఈ జబ్బులో మామూలే.

80 దాటితే నార్మల్ అంటారు. కానీ నాకు 84 కంటే మీ పాత రిపోర్టులు ముఖ్యం. రెండేళ్ల కిందట 100 ఉండి ఇప్పుడు 84 అయితే అది పర్వాలేదు అనుకునే విషయం కాదు. ఊదుడు పరీక్ష మూడు నెలలకోసారి చేయించండి, తెమడలో ఏ క్రిములున్నాయో చూసే కల్చర్ పరీక్ష కూడా. సీటీకి రేడియేషన్ ఉంది కాబట్టి డాక్టర్ అవసరమన్నప్పుడే.

ఇక ఆయాసం. అది ఊపిరితిత్తుల వల్లే కానక్కర్లేదు. తిన్నది ఒంటబట్టక బరువు తగ్గిన పిల్లల్లో కాళ్ల కండలు బలహీనంగా ఉండి కూడా తొందరగా అలసిపోతారు. దీన్ని తేల్చేది వ్యాయామ పరీక్ష. సైకిల్ మీద చేసే పరీక్ష దొరక్కపోతే, వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి ఆరు నిమిషాలు నడిపించినా చాలా తెలుస్తుంది. వ్యాయామ సామర్థ్యం బాగున్న సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులు ఎక్కువ ఏళ్లు జీవించారని 1992లోనే ఒక అధ్యయనం చూపించింది. అందుకే ఆటలు మాన్పించొద్దని గట్టిగా చెబుతున్నాను. అత్తయ్యగారికి మనవడి మీద ప్రేమే, కాదనను. కానీ పరుగులో ఊపిరి లోతుగా ఆడి తెమడ కదులుతుంది, కండ పెరుగుతుంది. ముందు ఆ పరీక్షలో ఆక్సిజన్ ఎంత తగ్గుతోందో చూసుకుని, ఆ తర్వాత రోజూ ఆడనివ్వండి. గ్రానైట్ దుమ్ము లేచే చోట మాత్రం వద్దు. జ్వరం, తెమడలో రక్తం, ఛాతీ నొప్పి, పెదాలు నీలంగా మారడం ఉంటే ఆట ఆపి డాక్టర్‌కు చూపించండి.

ఆట అయ్యాక ఒక పని నేర్పించండి. అద్దం తుడవడానికి నోరు తెరిచి ‘హా’ అని ఆవిరి ఊదుతాం చూడండి, అలా పొట్ట బిగించి రెండు మూడుసార్లు ఊదమనండి. తెమడ పైకొస్తుంది, అప్పుడు దగ్గి ఉమ్మేయాలి. గొంతు చించుకుని దగ్గడం కంటే ఇది మేలు. ఫిజియోథెరపిస్టు ఒకసారి దగ్గరుండి చూపిస్తే ఇంకా మంచిది.

పసితనంలో ముద్దు పెట్టుకుంటే బాబు బుగ్గ ఉప్పగా తగిలి ఉంటుంది. ఈ పిల్లల చెమటలో ఉప్పు చాలా ఎక్కువగా పోతుంది. మన రోహిణి కార్తె ఎండల్లో ఆడినప్పుడు ఉత్త మంచినీళ్లు చాలవు. ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో ఇవ్వండి. ఉప్పు తగ్గించమని పెద్దవాళ్లకు చెప్పే మాట వీడికి వర్తించదు.

చెల్లెలి సంగతి. ఈ జన్యు లోపం మీ ఇద్దరిలోనూ ఉన్నా మీకు జబ్బు లేదు, అందుకే ఎవరికీ తెలియలేదు. ఇందులో మీ తప్పేమీ లేదు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పాప చక్కగా ఎదుగుతున్నా సరే, ఒక్కసారి చెమట పరీక్ష చేయించండి. చెమటలో ఉప్పు తాలూకు క్లోరైడ్ 60 దాటితే ఆలస్యం చేయకుండా బాబును చూస్తున్న డాక్టర్‌కే చూపించండి.