ఒంటిమిట్ట కల్యాణం బాగా కనబడాలంటే ఎక్కడ కూర్చోవాలి?

కడప నుంచి పిల్లలతో వెళ్తున్నాం, పాస్ లేదు, స్వామివారు కనబడే చోటు దొరుకుతుందా అని అడిగారు కదా, దొరుకుతుంది, కానీ కల్యాణం మొదలయ్యే టైముకు చేరితే మాత్రం దొరకదు. ఇక్కడ కోదండరాముడి పెళ్లి పగలు కాదు, పౌర్ణమి రోజుల్లో రాత్రి వెన్నెల్లో జరుగుతుంది, అందుకే చాలామంది ఎండ తగ్గాక బయలుదేరుదామనుకుంటారు, అందరూ ఒకేసారి రావడంతో కడప–రాజంపేట రోడ్డు మీదే సగం సాయంత్రం గడిచిపోతుంది. మీరు మధ్యాహ్నమే వెళ్లి, ముందు గుళ్లో దర్శనం చేసుకుని, ఎండ ఉండగానే గ్యాలరీలోకి వెళ్లిపోండి.

వేదిక ముందున్న వరసలు ఎలాగూ వీఐపీలవే. మిగతావాటిలో పక్కల నుంచి దగ్గరగా ఉన్న చోటు కంటే వేదికకు ఎదురుగా కాస్త వెనకున్న చోటే నయం, ఎందుకంటే పక్క నుంచి చూస్తే అర్చకుల వీపులు తప్ప మాంగల్యధారణ కనబడదు. కూర్చునే ముందు మీకూ వేదికకూ మధ్య స్తంభం, కెమెరా స్టాండు ఉన్నాయేమో చూసుకోండి. తలంబ్రాల సమయానికి ముందువాళ్లంతా లేచి నిలబడతారు, పిల్లలకు ఏమీ ఆనదు పాపం, అందుకని నడిచే దారి పక్కన ఉన్న చివరి చోటు పట్టుకోండి.

ఒకసారి కూర్చున్నాక అందరూ కలిసి లేవకండి, ఒకరు వెళ్తే ఒకరు ఉండాలి. నీళ్ల సీసా, టోపీ, కింద పరుచుకోవడానికి ఒక దుప్పటి తప్పకుండా పెట్టుకోండి, ఏప్రిల్‌లో మన కడప ఎండ సంగతి మీకు తెలియనిది కాదు.